రోజూ నా మొహం బొమ్మ నేనే గీసుకుంటున్నాను, ఇది జబ్బా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఈ ఏడాది మొదట్లో నాన్న పోయారు. మూడు నెలలు తిరక్కుండానే ఉద్యోగం పోయింది. మా ఆయనకీ నాకూ విడాకుల కేసు నడుస్తోంది, ప్రస్తుతం అమ్మ దగ్గరే ఉంటున్నాను. నాన్న పోయిన వారానికి ఒక రాత్రి నిద్ర పట్టక అద్దం ముందు కూర్చుని పెన్సిల్‌తో నా మొహం గీశాను. అప్పట్నుంచి రోజుకొకటి, మొత్తం 214 అయ్యాయి. మధ్యలో తొమ్మిది రోజులు గీయలేకపోయాను. అది తల్చుకుంటే ఇప్పటికీ మనసు పీకుతుంది. ఈమధ్య ఒక రాత్రి గీస్తూ తలెత్తితే అద్దంలో ఒక్క క్షణం నాన్న మొహం కనిపించి ఒళ్లు జలదరించింది. పోయిన వారం అమ్మ ఆ పుస్తకం తిరగేసి, ‘ఏంటే ఈ ఏడుపు మొహాలు’ అని తనే ఏడుపు మొదలెట్టింది. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటోంది. గీయడం మానేయాలా? మూడు బొమ్మలు పంపుతున్నాను, చూడండి.

జవాబు: మానక్కర్లేదు. రాత్రిపూట గీయడం మాత్రం మానండి.

ముందు మీ నాన్నగారి మొహం సంగతి, ఎందుకంటే ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది అదేనని నాకనిపించింది. మసక వెలుతురులో అద్దంలోకి కదలకుండా చూస్తూ కూర్చుంటే మన మొహం మనకే మారిపోతూ కనిపిస్తుంది. జియోవన్నీ కాపుటో అనే ఇటలీ మనస్తత్వ శాస్త్రవేత్త 2010లో దీన్ని పరీక్షించాడు. 50 మందిని ఒక్కొక్కరిగా మసక గదిలో పది నిమిషాలు అద్దం ముందు కూర్చోబెడితే, 66 శాతం మంది తమ మొహం వికారంగా మారిందన్నారు. 18 శాతం మందికి తల్లిదో తండ్రిదో మొహం కనిపించింది. ఆ తల్లిదండ్రుల్లో కొందరు అప్పటికే పోయినవాళ్లు. అంటే మీకొచ్చింది మతిభ్రమ కాదు, చిన్న లైటు వేసుకుని చాలాసేపు ఒకేచోట చూడటం వల్ల కన్ను చేసిన మాయ. పైగా మీకు ఆయన పోలికలు ఉండే ఉంటాయి. ఇకమీద పగలు, కిటికీ దగ్గర గీయండి. ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకోండి, మోగగానే పెన్సిల్ కింద పెట్టేయండి.

ఇక ఏడుపు మొహాలు. అద్దం చూసి గీసే మనిషి నవ్వుతూ గీయలేడు. ఇరవై నిమిషాలు నవ్వు పట్టి ఉంచి చూడండి, దవడలు లాగేస్తాయి. దేన్నైనా శ్రద్ధగా చూసేటప్పుడు కనుబొమలు ముడిపడతాయి, పెదాలు బిగుసుకుంటాయి. అందుకే ఆ 214 బొమ్మలు మీ ఏడాదికన్నా ఇంకాస్త దిగులుగా ఉంటాయి. అమ్మకి ఈ మాట చెప్పండి, లేదా ఒకసారి ఆవిడకే పెన్సిల్, అద్దం ఇచ్చి కూర్చోబెట్టండి.

సొంత మొహం గీసుకునేవాళ్లంతా కుమిలిపోతున్నారని కూడా కాదు. డచ్ చిత్రకారుడు వాన్ గో పారిస్‌లో అన్నిసార్లు తన మొహమే వేసుకోవడానికి పెద్ద కారణం, మోడల్స్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేకపోవడం. జర్మనీ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ చిన్నకొడుకు 1914లో యుద్ధంలో పోయాడు. ఆవిడ అంతకుముందూ గీసుకుంది, తర్వాతా గీసుకుంది, జీవితం మొత్తమ్మీద వంద దాకా. (ఈ పేర్లు చెప్తే మీ అమ్మగారు కుదుటపడతారని నాకు నమ్మకం లేదు. ఇవి మీకోసం.)

మీరు పంపిన మూడూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటి రోజు బొమ్మలో కళ్లు దాదాపు నుదుటి మీదున్నాయి. కొత్తగా గీసే అందరూ చేసేదే అది. నిజానికి కళ్లుండేది తల పొడవుకి ఇంచుమించు సగంలో. 90వ బొమ్మలో ఎడమ చెంప దగ్గర రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం పొర లేచింది, ఆ రోజు మీమీద మీకు బాగా కోపం వచ్చినట్టుంది. 214కి వచ్చేసరికి కళ్లు తమ చోటికి దిగాయి, చెంప మీద చెరిపిన గుర్తు ఒక్కటీ లేదు. బొమ్మ చూసి జబ్బు చెప్పే విద్య నాకు రాదు. కానీ ఇన్ని పోయిన ఏడాదిలో మీకు చూడటం వచ్చిందని మాత్రం చెప్పగలను.

ఆ తొమ్మిది రోజుల లోటు ఇప్పుడు గీసి పూడ్చకండి. తొమ్మిది ఖాళీ కాగితాల మీద తేదీలు వేసి పుస్తకంలో పెట్టేయండి. ఆ రోజులు అలాగే గడిచాయి మరి. ఉద్యోగం పోయాక రోజుకొక బొమ్మ అనే లెక్క మిమ్మల్ని నిలబెట్టి ఉండొచ్చు. ఇప్పుడదే పై అధికారిలా తయారైతే వారానికి నాలుగు చాలు.

డాక్టర్ మాటకొస్తే, అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. బొమ్మల కోసం కాదు. తండ్రి, ఉద్యోగం, సంసారం ఒక్క ఏడాదిలో చెదిరిన మనిషి ఒకసారి వెళ్లి మాట్లాడటం మంచిదే. రెండు వారాలకు మించి సరిగా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా ఆలస్యం చేయొద్దు. బతికి ఏం లాభం అన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి, ఒంటరిగా ఉండకండి. పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఏ నెల ఎలా గడిచిందో నోటితో చెప్పలేకపోతే తేదీలతో సహా చూపించొచ్చు.

ఒక్క సంగతి. ఒకే ఇంట్లో ఉంటూ మీ కష్టం అమ్మకి పుస్తకం తిరగేస్తే గానీ తెలియలేదు. ఆవిడ కూడా ఈ ఏడాదే భర్తను పోగొట్టుకున్నారు. ఆవిడ ఎవరి ముందు ఏడుస్తున్నారో మీ ఉత్తరంలో లేదు. ఒక పొద్దున కిటికీ పక్కన కుర్చీ వేసి అమ్మని కూర్చోబెట్టి గీయండి. కుదురుగా కూర్చోరు, కదులుతారు, నాన్నగారి మాటలు మొదలెడతారు. కానివ్వండి, చేతిలో పెన్సిల్ ఉంది కాబట్టి మీరు మధ్యలో లేచిపోలేరు. బొమ్మలో పోలిక కుదరకపోతే ఆవిడే చెప్తారు.