డైనమోలో లిస్టుల వరుస: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

భవనాల సమాచార మోడళ్లు (బీఐఎం) తయారు చేసే సాఫ్ట్‌వేర్ రివిట్. దానితో పాటు వచ్చే డైనమోలో నోడ్లు అనే చిన్న పెట్టెలను వైర్లతో కలిపి, గ్రాఫు అనే పనుల వరుసను తయారు చేస్తారు. ఈ డైనమోలో లిస్టులను సార్ట్ చేయడం, వాటి వరుస మార్చడం గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. చివరి ప్రశ్న మాత్రం రైనో అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పనే చేసే గ్రాస్‌హాపర్‌కు సంబంధించినది.

ప్రశ్న: ఒక అంతస్తులోని గదులకు ఎడమ నుంచి కుడికి 101, 102, 103 అని నంబర్లు వేయాలని గ్రాఫు తయారు చేశాను. గదుల ఎక్స్ విలువలను (ఎడమ-కుడి దిశలో స్థానాన్ని చెప్పే అంకెలను) తీసుకుని 'లిస్ట్.సార్ట్' నోడ్‌కు ఇచ్చాను. వాచ్ నోడ్‌లో విలువలు చక్కగా వరుసలోనే కనిపిస్తున్నాయి, కానీ మోడల్‌లో నంబర్లు ఎక్కడెక్కడో పడుతున్నాయి. తప్పు ఎక్కడ ఉంది?
– బీఐఎం మోడలర్, హైదరాబాద్

జవాబు: మీరు సార్ట్ చేసినది ఎక్స్ విలువలను, గదులను కాదు. 'లిస్ట్.సార్ట్' తనకు ఇచ్చిన అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి ఇస్తుందే తప్ప, ఏ అంకె ఏ గదికి చెందినదో దానికి తెలియదు. పరీక్ష ఫలితాల పట్టీలో పేర్లను కదిలించకుండా మార్కుల వరుసను మాత్రమే మార్చి రాస్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరిగింది.

ఉదాహరణకు మీ లిస్టులో లాబీ, ఆఫీసు, పాంట్రీ, స్టోర్ అనే నాలుగు గదులు ఇదే వరుసలో ఉన్నాయనీ, వాటి ఎక్స్ విలువలు 14.2, 3.1, 9.8, 6.0 అనీ అనుకుందాము. సార్ట్ చేసిన తరువాత విలువల లిస్టు 3.1, 6.0, 9.8, 14.2 అవుతుంది, కానీ గదుల లిస్టులో మొదటి స్థానంలో ఇంకా లాబీయే ఉంటుంది. అందువల్ల అందరికంటే కుడి చివరన ఉన్న లాబీకి 101 పడుతుంది. దీనికి వాడవలసిన నోడ్ 'లిస్ట్.సార్ట్‌బైకీ'. కీ అంటే వరుసను నిర్ణయించే విలువ. దాని మొదటి ఇన్‌పుట్‌కు గదుల లిస్టును, 'కీస్' అనే రెండవ ఇన్‌పుట్‌కు ఎక్స్ విలువల లిస్టును కలిపితే, కీల వరుసను బట్టి గదులే కదిలి ఆఫీసు, స్టోర్, పాంట్రీ, లాబీ అని బయటికి వస్తాయి. నంబర్లను ఈ కొత్త లిస్టుకు వేయాలి. చాలా గ్రాఫుల్లో సార్ట్‌బైకీ నోడ్ సరిగానే ఉన్నా, నంబర్లను మోడల్‌లో రాసే 'సెట్ పారామీటర్ బై నేమ్' నోడ్‌కు మాత్రం పాత గదుల లిస్టు నుంచి వచ్చిన వైరే అలాగే మిగిలిపోయి ఉంటుంది. ముందుగా దానిని సరిచూసుకోండి.

గదుల విషయంలో మరో రెండు జాగ్రత్తలు అవసరం. షెడ్యూల్‌లో ఉండి ప్లాన్‌లో ఎక్కడా పెట్టని గదులు కూడా 'ఆల్ ఎలిమెంట్స్ ఆఫ్ కేటగిరీ' నోడ్ ఇచ్చే లిస్టులో వచ్చి చేరతాయి. వాటికి లొకేషన్ ఉండదు కనుక ఎక్స్ విలువ బదులు నల్ (ఖాళీ విలువ) వస్తుంది, కీల లిస్టు చెడిపోతుంది. వైశాల్యం సున్నా కంటే ఎక్కువగా ఉన్న గదులను మాత్రమే ముందుగా వడకట్టి ఉంచుకోవాలి. రెండవది, గది లొకేషన్ అంటే గది నడిమధ్య బిందువు అని అనుకోకూడదు. గదిని మోడల్‌లో పెట్టినప్పుడు క్లిక్ చేసిన చోటే దాని లొకేషన్ అవుతుంది, ఆ తరువాత ఎవరైనా దానిని ఒక మూలకు జరిపి ఉండవచ్చు కూడా. నంబర్లు కంటికి కనిపించే వరుసలో రావాలంటే తలుపుల స్థానాలను కీగా తీసుకోవడమే మేలని మా అభిప్రాయం.

ఒక మాట: ఇలాంటి గ్రాఫును పరీక్షించేటప్పుడు రన్ విధానాన్ని 'ఆటోమేటిక్'లో ఉంచవద్దు. వైరు కలిపిన ప్రతిసారీ మోడల్‌లో నంబర్లు మారిపోతుంటాయి.

ప్రశ్న: సార్ట్‌బైకీతో ఒకే వరుసలో ఉన్న తలుపులకు నంబర్లు సరిగ్గా వచ్చాయి. కానీ మా భవనంలో తలుపులు రెండు మూడు వరుసల్లో ఉన్నాయి. ఎక్స్‌ను కీగా ఇస్తే పై వరుసలోని తలుపు, కింది వరుసలోని తలుపు కలగాపులగం అవుతున్నాయి. ముందు పై వరుస పూర్తి అయిన తరువాతే కింది వరుసకు రావాలి.
– ఆర్కిటెక్చర్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: మీకు కావలసినది రెండంచెల వరుస. ముందుగా వై విలువను బట్టి తలుపులను వరుసలుగా విడదీసి, ఆ తరువాత ప్రతి వరుసలోనూ ఎక్స్‌ను బట్టి సార్ట్ చేయాలి. వినడానికి తేలికగానే ఉన్నా, మొదటి అంచెలోనే చాలామంది చిక్కుకుంటారు. ఎందుకంటే ఒకే వరుసలో ఉన్నట్టు కనిపించే తలుపుల వై విలువలు అచ్చంగా సమానంగా ఉండవు. ఒకటి 12.44 మీటర్ల వద్ద, పక్కది 12.46 మీటర్ల వద్ద ఉండవచ్చు. ఈ విలువలనే నేరుగా, ఒకే కీ ఉన్నవాటిని ఒక గుంపుగా చేర్చే 'గ్రూప్‌బైకీ' నోడ్‌కు ఇస్తే ప్రతి తలుపూ ఒక వరుస అయి కూర్చుంటుంది.

విలువలను దగ్గరి అంకెకు సవరించడం దీనికి అందరూ చెప్పే ఉపాయం. అది చాలాసార్లు పనిచేస్తుంది, కానీ పూర్తిగా నమ్మదగినది కాదు. పై రెండు విలువలనే ఒక దశాంశ స్థానానికి సవరించి చూడండి: 12.44 కాస్తా 12.4 అవుతుంది, 12.46 మాత్రం 12.5 అవుతుంది. రెండు సెంటీమీటర్ల తేడా ఉన్న తలుపులు రెండు వేర్వేరు వరుసల్లో పడతాయి. సవరింపు ఎంత పెద్దదిగా తీసుకున్నా ఎక్కడో ఒకచోట ఈ హద్దు ఉండనే ఉంటుంది.

దీనికంటే గట్టి పద్ధతి విలువల మధ్య ఖాళీలను చూడడం. తలుపులను వై విలువను బట్టి సార్ట్ చేస్తే 6.31, 6.33, 12.44, 12.46 అని వస్తాయనుకోండి. ఒక్కొక్క విలువకూ, దాని ముందున్న విలువకూ మధ్య తేడాలు 0.02, 6.11, 0.02. ఒక మీటరు కంటే ఎక్కువ తేడా వచ్చిన చోట కొత్త వరుస మొదలైనట్టు లెక్క. అప్పుడు నాలుగు తలుపులకూ వరుస సంఖ్యలు 0, 0, 1, 1 అవుతాయి. నోడ్లతో దీనిని అల్లడం కొంచెం చిందరవందరగా ఉంటుంది. పైథాన్ భాషలో కోడ్ రాసుకునే ఒక చిన్న పైథాన్ నోడ్‌లో నాలుగైదు పంక్తులు రాసుకోవడం శుభ్రంగా ఉంటుంది. మీకు పై వరుస ముందుగా రావాలి కనుక, సార్ట్ చేసే ముందు వై విలువలను మైనస్ ఒకటితో గుణించండి.

వరుస సంఖ్యలు చేతికి వచ్చిన తరువాత వాటిని కీలుగా ఇచ్చి 'గ్రూప్‌బైకీ'తో తలుపులను విడదీయండి. గుంపులు మీరు అనుకున్న క్రమంలోనే బయటికి వస్తాయని అనుకోకుండా, అదే నోడ్ ఇచ్చే 'యూనిక్ కీస్' అవుట్‌పుట్‌తో గుంపులను మరొకసారి సార్ట్‌బైకీ చేసుకోవడం క్షేమం. ఇప్పుడు మీ దగ్గర లిస్టులో లిస్టులు ఉన్నాయి. ప్రతి వరుసలోనూ విడివిడిగా సార్ట్ జరగాలంటే మరొక సార్ట్‌బైకీ నోడ్ తీసుకుని, దాని రెండు ఇన్‌పుట్‌ల పక్కన ఉన్న చిన్న బాణం గుర్తును నొక్కి 'యూజ్ లెవెల్స్' ఎంచుకుని, రెండింటికీ 'ఎల్2' పెట్టండి. 2016లో డైనమో 1.2తో వచ్చిన ఈ సౌకర్యంలో లెవెళ్లను లోపలి నుంచి లెక్కిస్తారు: విడి తలుపులు ఎల్1, ఒక్కొక్క వరుస ఎల్2, మొత్తం లిస్టు ఎల్3. చివరగా 'ఫ్లాటెన్' చేసి, అంటే లోపలి లిస్టులన్నింటినీ ఒకే లిస్టుగా కలిపి, నంబర్లు వేయండి.

కారిడార్ వంకర తిరిగి ఉంటే మాత్రం ఎక్స్, వై రెండూ పనికిరావు. కారిడార్ నడిమి గీతను ఒక కర్వ్‌గా తీసుకుని, ప్రతి తలుపు నుంచి ఆ కర్వ్ మీద అతి దగ్గరి బిందువును కనుక్కుని, 'కర్వ్.పారామీటర్ ఎట్ పాయింట్' ఇచ్చే విలువను కీగా వాడండి. కర్వ్ మొదటి చివర నుంచి రెండవ చివరకు ఆ విలువ పెరుగుతూ పోతుంది కనుక, మనిషి కారిడార్‌లో నడిచే వరుసలోనే తలుపులు వస్తాయి. నంబర్లు అటు చివర నుంచి మొదలైతే కర్వ్ దిశను తిప్పితే సరిపోతుంది.

ప్రశ్న: గది నంబర్లను సార్ట్ చేస్తే 1, 10, 11, 2, 3 అని వస్తున్నాయి. లెవెళ్ల (అంతస్తుల) పేర్లదీ ఇదే పరిస్థితి.
– డ్రాఫ్ట్స్‌మన్, దుబాయ్

జవాబు: రివిట్‌లో గది నంబరు అంకెలా కనిపించినా అది టెక్స్ట్ పారామీటరు. టెక్స్ట్‌ను పోల్చేటప్పుడు మొదటి అక్షరాన్ని మొదటి అక్షరంతో పోలుస్తారు కనుక 10 వెళ్లి 2 కంటే ముందు కూర్చుంటుంది. నంబర్లన్నీ ఉత్త అంకెలే అయితే 'స్ట్రింగ్.టు నంబర్' చేసి, ఆ ఫలితాన్ని కీగా ఇవ్వండి. 'బి-2', 'బి-10' లాంటివి ఉంటే హైఫన్ దగ్గర విడగొట్టి, అంకె భాగాన్ని 'స్ట్రింగ్.ప్యాడ్ లెఫ్ట్'తో ముందు సున్నాలు చేర్చి మూడు స్థానాలకు పెంచి, మళ్లీ అతికించి కీగా వాడుకోండి. అసలు నంబరును మార్చనవసరం లేదు. లెవెళ్లకు ఈ తంటా అంతా అక్కరలేదు. పేరును వదిలేసి ఎలివేషన్‌ను కీగా ఇస్తే బేస్‌మెంట్‌తో సహా అన్నీ వాటి ఎత్తు ప్రకారమే వస్తాయి.

ప్రశ్న: ఒక లిస్టును సార్ట్ చేసి కొంత పని చేసిన తరువాత మళ్లీ మొదటి వరుసకే తీసుకురావాలి. 'రివర్స్' వాడితే రావడం లేదు.
– స్ట్రక్చరల్ ఇంజినీరు, విశాఖపట్నం

జవాబు: 'రివర్స్' చివరి వస్తువును మొదటికి తెచ్చి లిస్టును తిరగేస్తుంది, అంతే, పాత వరుస అనేది దానికి గుర్తుండదు. సార్ట్ చేసే ముందే వరుసను దాచుకోవాలి. 'సార్ట్ ఇండెక్స్ బై వ్యాల్యూ' అనే నోడ్ విలువలను కదిలించకుండా, ఏ స్థానంలోని వస్తువు ఎక్కడికి రావాలో ఆ ఇండెక్సులను (సున్నా నుంచి లెక్కించే స్థాన సంఖ్యలను) మాత్రమే ఇస్తుంది. మొదటి జవాబులోని 14.2, 3.1, 9.8, 6.0 లకు అది 1, 3, 2, 0 అని ఇస్తుంది. ఈ ఇండెక్సులతో 'లిస్ట్.రీఆర్డర్' చేస్తే సార్ట్ చేసిన లిస్టు వస్తుంది. వెనక్కి రావడానికి ఆ 1, 3, 2, 0 లనే మళ్లీ అదే 'సార్ట్ ఇండెక్స్ బై వ్యాల్యూ' నోడ్‌కు ఇవ్వండి. 3, 0, 2, 1 వస్తాయి. మీ పని పూర్తయిన లిస్టును ఈ రెండవ ఇండెక్సులతో రీఆర్డర్ చేస్తే లాబీ, ఆఫీసు, పాంట్రీ, స్టోర్ యథాస్థానాలకు చేరతాయి. మధ్యలో ఏ వస్తువునూ వడకట్టి తీసివేయకూడదన్నది ఒక్కటే షరతు. లిస్టు పొడవు మారితే ఇండెక్సులు పనికిరావు.

ప్రశ్న: షీట్ల వరుస మార్చి కొత్త నంబర్లు వేయబోతే కొన్ని షీట్లకు పడడం లేదు. గదులకు ఇదే గ్రాఫు పనిచేసింది.
– బీఐఎం కోఆర్డినేటర్, హైదరాబాద్

జవాబు: రెండు గదులకు ఒకే నంబరు ఉంటే రివిట్ హెచ్చరించి ఊరుకుంటుంది, కానీ రెండు షీట్లకు ఒకే నంబరును అసలు ఒప్పుకోదు. మూడవ షీటుకు 'ఎ-102' వేయబోయే సమయానికి ఆ నంబరు ఇంకా రెండవ షీటు దగ్గరే ఉంటే అది తిరస్కరిస్తుంది. అందుచేత రెండు విడతలుగా వేయండి: ముందుగా అన్ని షీట్లకూ ఎక్కడా వాడని తాత్కాలిక నంబర్లు వేసి, ఆ నోడ్ నుంచి బయటికి వచ్చే షీట్ల లిస్టునే రెండవ 'సెట్ పారామీటర్ బై నేమ్' నోడ్‌కు కలిపి అసలు నంబర్లు వేయండి. రెండవ నోడ్‌కు వైరు మొదటి నోడ్ నుంచే రావాలి. రెండింటికీ అసలు లిస్టు నుంచి వేర్వేరు వైర్లు ఇస్తే ఏది ముందు జరుగుతుందో మీ చేతిలో ఉండదు.

ప్రశ్న: నేను రైనోలో గ్రాస్‌హాపర్ వాడతాను. 'సార్ట్ లిస్ట్' పెడితే మొత్తం బిందువులు కాక, ముక్కలు ముక్కలుగా సార్ట్ అవుతున్నాయి.
– ప్రొడక్ట్ డిజైనర్, బెంగళూరు

జవాబు: మీ బిందువులు డేటా ట్రీలో (గ్రాస్‌హాపర్ డేటాను కొమ్మలుగా విడదీసి ఉంచే అమరికలో) వేర్వేరు బ్రాంచిల్లో, అంటే కొమ్మల్లో ఉన్నాయి; 'సార్ట్ లిస్ట్' ప్రతి బ్రాంచిని విడి లిస్టుగా తీసుకుంటుంది. మొత్తం ఒకే వరుసలో రావాలంటే కీల ఇన్‌పుట్ మీదా, బిందువుల ఇన్‌పుట్ మీదా రెండింటి మీదా కుడి క్లిక్ చేసి 'ఫ్లాటెన్' పెట్టండి. ఒకదానికే పెడితే కీలు, బిందువులు ఒకదానికొకటి పొంతన లేకుండా పోతాయి. డైనమోలో ఎల్2 పెట్టి సాధించవలసిన పని గ్రాస్‌హాపర్‌లో దానంతట అదే జరుగుతుంది కనుక, బ్రాంచిలు భవనంలోని వరుసలకో అంతస్తులకో సరిపోయేలా ఉంటే ఫ్లాటెన్ చేయకుండా వదిలేయడమే మంచిది. బిందువులు ఒక గీత వెంట వరుసగా రావాలంటే కీలు కట్టుకోనవసరం లేదు. 'సార్ట్ అలాంగ్ కర్వ్' అనే కాంపోనెంట్ ఆ పనికే ఉంది.