బ్రైటన్‌లో గది తీసుకునే ముందు

సిరి తల్లీ,

జూన్‌లో అమ్మానాన్నలను బ్రైటన్ సముద్రతీరానికి తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చదువు అయిందో లేదో, తొలి జీతాల్లోంచి దాచి కన్నవాళ్ళకి టికెట్లు తీశావు. నా చెల్లెలి గొంతులో ఆ సంబరం విని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక దాని మోకాళ్ళు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ప్రయాణం సులువే. లండన్ విక్టోరియా నుంచి రైల్లో గంట. ముగ్గురు వెళ్తున్నారు కదా, రద్దీ వేళ దాటాక గ్రూప్‌సేవ్ అనే రాయితీ అడిగితే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. స్టేషన్ నుంచి సముద్రానికి పావుగంట నడక, అంతా దిగుడే. తిరిగొచ్చేటప్పుడు ఎక్కాలి కాబట్టి అమ్మని బస్సెక్కించు.

అసలు సంగతి గది. మీ పెదనాన్న వాళ్ళమ్మ, మా అత్తగారు, కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన కూడా నీలాగే ముచ్చటపడి బ్రైటన్ బయల్దేరదీశారు. కిటికీలోంచి సముద్రం కనిపించే ఫొటో చూసి, డబ్బు వెనక్కి ఇవ్వబోమని ముందే చెప్పిన చోట మొత్తం కట్టేశారు. అక్కడి సముద్రపు ఒడ్డున చాలావరకు రెండొందల ఏళ్ళనాటి ఇళ్ళే. సన్నగా, ఎత్తుగా, నాలుగైదు అంతస్తులు ఉంటాయి. పాత కట్టడాలుగా కాపాడుతున్నవి కాబట్టి లిఫ్ట్ పెట్టడం కూడా అంత తేలిక కాదు. మా గది అలాంటి ఇంట్లో పైకప్పు కింద. రోడ్డు మీంచి గుమ్మానికే మెట్లు. లోపల ఇంకా ఇరుకుగా, మలుపు తిరుగుతూ, కార్పెట్ పరిచిన మెట్లు. అత్తగారు ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు, ఇంకో చేత్తో మెట్ల చెక్క రెయిలింగు పట్టుకుని రెండో మలుపు దగ్గర కూలబడిపోయారు. ఆ ఇల్లుగలావిడ మంచిది, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కానీ కింద వేరే గది లేదు. ఆ రాత్రి శనివారం. వీధిలో తాగినవాళ్ళ కేకలు, పాటలు తెల్లారేదాకా ఆగలేదు. పొద్దున్నే ఆవిడ, “మీరు చూసి రండర్రా, నేను జపం చేసుకుంటా” అన్నారు. మళ్ళీ దిగి ఎక్కాలంటే భయమని మాకు తెలుసు, పైకి అనలేదంతే. అంత దూరం వచ్చి సముద్రపు నీళ్ళు నెత్తిన చల్లుకోలేదు. కిటికీ ఎత్తుగా ఉండడంతో మునివేళ్ళ మీద నిలబడి చూశారు. ఆవిడ మళ్ళీ ఇంగ్లండ్ రాలేదు. మీ పెదనాన్న ఆ మాట తలుచుకుని ఇప్పటికీ బాధపడతారు.

కాబట్టి ఫొటోలు తరవాత చూద్దువుగాని. ముందు హోటల్‌కి మెయిల్ రాసి అడుగు: రోడ్డు నుంచి రిసెప్షన్‌కి ఎన్ని మెట్లు? లిఫ్ట్ మన అంతస్తు దాకా వస్తుందా? ‘లోయర్ గ్రౌండ్’ అని రాస్తే ఆశపడకు, అది నేలమాళిగ, కిందికి మళ్ళీ మెట్లే. శుక్ర, శనివారాలు వద్దు. ఆదివారం నుంచి గురువారం లోపైతే రేటూ తక్కువ, గోలా తక్కువ. బార్లు, క్లబ్బులు ఉండే వెస్ట్ స్ట్రీట్ దరిదాపుల్లో తీసుకోకు. పడమటి వైపు హోవ్ ప్రశాంతంగా ఉంటుంది, ఒడ్డున చదునైన బాట, కూర్చోడానికి బెంచీలు. అక్కడా పాత ఇళ్ళు ఎక్కువే, మెట్ల సంగతి అడగడం మానకు. అందం లేకపోయినా లిఫ్ట్ ఉన్న కొత్త హోటల్ చాలు.

మీ నాన్న చరిత్ర మాస్టారు కదా, రాయల్ పెవిలియన్ తప్పకుండా చూపించు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ మన సైనికులకి 1914 చివరి నుంచి 1916 మొదట్లో దాకా ఆ రాజభవనమే ఆసుపత్రి. ఎవరి ఆచారం ప్రకారం వాళ్ళకి వంటశాలలు, నీళ్ళ కుళాయిలు వేరువేరుగా పెట్టారట. ఆ భవనం దక్షిణపు గేటు 1921లో మన దేశం పేరున కట్టించి ఇచ్చినదే. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన కొండమీద ‘ఛత్రి’ అని పాలరాతి మండపం ఉంది. దానికి ఊరి ఉత్తరాన ఉన్న పాచమ్ వైపు నుంచి ఎక్కి నడవాలి. నాన్న ఒక్కడూ వెళ్ళొస్తాడు, ఆ పూట నువ్వు అమ్మతో వోక్స్ రైలెక్కు. 1883 నుంచి ఒడ్డు వెంట నడుస్తున్న బుల్లి కరెంటు రైలది, మీ అమ్మకి నచ్చుతుంది.

అక్కడ ఇసుక కాదు, గులకరాళ్ళు. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు తొడిగించు. ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కెళ్ళే అల కాళ్ళ కింది రాళ్ళని లాగేస్తుంది. ఈతొచ్చని నువ్వు కూడా లోపలికెళ్ళకు, విన్నావా? అల నెమ్మదిగా ఉన్న పూట చెరో పక్క పట్టుకుని అమ్మ పాదాలు తడపండి. అదీ కుదరకపోతే సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి నెత్తిన చల్లు. పులిహోర డబ్బా బయట మూత తియ్యకండి, సీగల్ పక్షులు చేతిలోది తన్నుకుపోతాయి.

హోటల్ జవాబు రాగానే నాకు పంపు, డబ్బు మాత్రం కట్టకు. లిఫ్ట్ ఉన్నదానికి ఎక్కువైతే ఆ తేడా నేనిస్తాను, మొహమాటపడితే ఊరుకోను.

మీ పెద్దమ్మ