లైట్ వెలిగిందని సెన్సార్ కొనేయకు

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఇంజన్ లైట్ వెలిగిందని, మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా ఆక్సిజన్ సెన్సార్ (ఇంజన్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) పోయిందన్నాడని మెసేజ్ పెట్టావు. డబ్బు కట్టే ముందే అడిగావు, మంచి పని చేశావు. కారు పదేళ్లు దాటిందని టెన్షన్ పడకు. ఆ లైట్ ఎందుకు వెలిగిందో నువ్వే చదువుకోవచ్చు.

ముందు అది ఎలా వెలుగుతోందో చూడు. పసుపు రంగులో నిలకడగా ఉండి, బండి మామూలుగా లాగుతుంటే ఆఫీసుకి వెళ్లిరా, సాయంత్రం తీరిగ్గా చూసుకోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం ఇంజన్ గట్టిగా మిస్ కొడుతోందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదని అర్థం. సిలిండర్‌లో మండని పెట్రోల్, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది కాలిపోతే సెన్సార్ ఖర్చు చాలా చిన్నదనిపిస్తుంది. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి బండి పక్కకి తీసుకో. ఆ స్థితిలో సింహాచలం కొండ ఎక్కే పని అసలు పెట్టుకోకు. ఎర్ర రంగులో ఆయిల్ లైటో టెంపరేచర్ లైటో వెలిగితే అది వేరే సంగతి, ఆ క్షణమే ఇంజన్ ఆపెయ్యాలి.

లైట్ వెలిగినప్పుడు కారులోని కంప్యూటర్ ఆ లోపానికి ఒక కోడ్ రాసిపెట్టుకుంటుంది. ఆ కోడ్ చదివి ఫోన్‌లో చూపించడానికి ఈఎల్ఎం 327 రకం చిన్న స్కానర్ ఒకటి కొనుక్కో. నీది ఐఫోన్ కాబట్టి మామూలు బ్లూటూత్‌ది కలవదు, ఐఫోన్‌కి పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకో. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చి, తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చదువు. మన దేశంలో బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే ఇలా కోడ్ చదువుకునే ఏర్పాటు, తప్పనిసరి చేశారు. నీది 2014 బీఎస్-4, బెంగ లేదు. మీ నాన్న దగ్గరున్న పాత ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్న) మారుతి లాంటి వాటి లెక్క వేరు. వాటిలో కొన్నింటికి డయాగ్నసిస్ కనెక్టర్‌లో రెండు టెర్మినల్స్ కలిపితే లైటే మెరిసి కోడ్ చెబుతుంది. ఒకసారి మెరిసి, కాస్త ఆగి, రెండుసార్లు మెరిస్తే 12, అంటే ఏ లోపమూ లేదని. ఏ టెర్మినల్స్ కలపాలో మాన్యువల్‌లో చూడకుండా వైరు ముక్క పెట్టొద్దని నాన్నకి చెప్పు.

కోడ్ పి అక్షరంతో మొదలైతే ఇంజన్, గేర్‌బాక్స్ సంగతి. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్, కాబట్టి నీ మోడల్ పేరుతో వెతకాలి.

ఇక్కడ నా మాట జాగ్రత్తగా విను. ఏ సర్క్యూట్‌లో లెక్క తప్పిందో కోడ్ చెబుతుంది, ఏ పార్ట్ కొనాలో చెప్పదు. నీకు పి0135 వచ్చిందనుకో. ఆక్సిజన్ సెన్సార్ దాదాపు 300 డిగ్రీల వేడెక్కితే గానీ సరిగ్గా పనిచేయదు, అందుకే లోపల చిన్న హీటర్ పెడతారు. ఆ హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని ఈ కోడ్ అర్థం. హీటర్ కాలిపోయి ఉండొచ్చు. ఫ్యూజు పోయినా, వైరు తెగినా, కనెక్టర్ పట్టు వదిలినా వచ్చేది ఇదే కోడ్. కాబట్టి మొదట ఫ్యూజు చూడు. తర్వాత ఇంజన్ బాగా చల్లారాక సెన్సార్ వైరు వెంబడే వెళ్లి కనెక్టర్ పట్టుకో. లాక్ నొక్కి విడదీసి, సెల్‌ఫోన్ టార్చ్ వేసి లోపలి పిన్నులు చూడు. మెరుస్తూ ఉండాలి. పచ్చగా చిలుము పట్టి ఉంటే దొంగ దొరికినట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, టక్ మనేదాకా గట్టిగా నొక్కి పెట్టు.

మన విశాఖలో ఇది ఇంకా ముఖ్యం. పెదవాల్తేరులో మీ ఇంటి ముందు బండి రాత్రంతా ఆరుబయటే ఉంటుంది, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి దాన్ని వదలదు. బ్యాటరీ నెగటివ్ వైరు బాడీకి బిగించే చోట తుప్పు పట్టి ఎర్త్ బలహీనపడితే, ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు మూడు నాలుగు ఒకేసారి వస్తాయి. అలాంటి చిత్రం కనిపిస్తే సెన్సార్ల జోలికి పోకుండా ఎర్త్ శుభ్రం చేయించు. వానాకాలంలో ఎలుకలు కొరికిన వైర్ల కోసమూ ఓ కన్నేసి ఉంచు.

మిస్ కోడ్ వస్తే పరీక్ష ఇంకా సులువు. పి0302 అంటే రెండో సిలిండర్. నీ ఇంజన్‌లో ప్రతి ప్లగ్గుకీ స్పార్క్ కోసం కరెంటు ఇచ్చే విడి కాయిల్ ఉంది కాబట్టి, ఇంజన్ ఆపి, రెండో కాయిల్ తీసి మూడోదాని చోట, మూడోది దీని చోట పెట్టించు. కోడ్ తుడిచి నడిపితే ఈసారి పి0303 వచ్చిందనుకో, తప్పు కాయిల్‌దే. రెండోదగ్గరే నిలిస్తే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్ చూడాలి.

కోడ్ తుడిచే ముందు ఫోటో తీసుకో. లైట్ వెలిగినప్పుడు స్పీడ్ ఎంత, ఇంజన్ ఎంత వేడిగా ఉంది అన్నది కూడా స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, తుడిస్తే అదీ పోతుంది. బ్యాటరీ వైరు పీకితే లైట్ ఆరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. లోపం అలాగే ఉంటుంది, ఆధారం మాత్రం చేజారుతుంది.

గాజువాక ఆటోనగర్ తీసుకెళ్లినా, వీధి చివర మెకానిక్ దగ్గరకు వెళ్లినా ఫోటో చూపించి, “వైరింగ్ చెక్ చేశారా అన్నా, వోల్టేజ్ ఎంత వస్తోంది?” అని మర్యాదగా అడుగు. మీటర్ పెట్టి ఓపిగ్గా వెతికేవాడికి లేబర్ డబ్బులు బేరం ఆడకుండా ఇవ్వు, అలాంటి మనిషి దొరకడం అదృష్టం.

ఈ ఆదివారం ఫ్యూజూ కనెక్టరూ చూసి నాకు ఫోటోలు పంపు. శుభ్రం చేశాక లైట్ మళ్లీ వెలిగితే ఎంత దూరం నడిపాక వెలిగిందో కూడా రాయి. అప్పుడు సెన్సార్ కొనాలో వద్దో చెబుతాను.

మీ మావయ్య