అంటారియోలో ప్లంబర్ కావాలంటే: కాలేజీ కంటే ముందు యజమాని

“కెనడా వచ్చి రెండేళ్లయింది, పీఆర్ చేతికొచ్చింది, గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేస్తున్నాను, ప్లంబింగ్ నేర్చుకోవాలని ఉంది, ఏ కాలేజీలో చేరమంటారు?” అని బ్రాంప్టన్ నుంచి ఒక యువకుడు అడిగారు. మన దగ్గర ఐటీఐలో సీటు తెచ్చుకుని, ఏడాది చదివి, ఆ తరువాత పని వెతుక్కోవడం అలవాటు కాబట్టి ఈ ప్రశ్న సహజమే. అయితే అంటారియోలో వరుస తిరగబడుతుంది. ముందు మిమ్మల్ని పనిలో పెట్టుకునే యజమాని దొరకాలి, కాలేజీ ఆ తరువాత వస్తుంది.

ఇక్కడ ప్లంబర్ పనిని 306ఏ అనే సంఖ్యతో గుర్తిస్తారు. ఇది తప్పనిసరి ట్రేడ్, అంటే సర్టిఫికెట్ ఉన్నవారు లేదా నమోదైన అప్రెంటిస్‌లు (పని చేస్తూ నేర్చుకునేవారు) తప్ప ఇతరులు ఈ పని చేయడానికి చట్టం ఒప్పుకోదు. మొత్తం శిక్షణ సుమారు 9,000 గంటలు, అంటే ఇంచుమించు 5 సంవత్సరాలు. అందులో 8,280 గంటలు జీతం తీసుకుంటూ సైటులో చేసే పని, మిగిలిన 720 గంటలు తరగతి గదిలో చదువు. ఆ చదువును మూడు దశలుగా, ఒక్కో దశకు 240 గంటల చొప్పున చెబుతారు. పూర్తికాలం వెళ్లేవారికి ఒక్కో దశ 8 వారాలు పడుతుంది. అన్నీ ముగిశాక రాసే పరీక్షలో 70 శాతం మార్కులు రావాలి. రెడ్ సీల్ ముద్ర కూడా వస్తే ఆ సర్టిఫికెట్‌ను ఇతర ప్రావిన్సుల్లోనూ గుర్తిస్తారు.

మనవాళ్లను తికమక పెట్టే మాట ‘స్పాన్సర్’. అప్రెంటిస్‌షిప్‌లో స్పాన్సర్ అంటే మీకు పని నేర్పడానికి ఒప్పందం మీద సంతకం చేసే యజమాని లేదా యూనియన్ మాత్రమే. వీసాకూ దానికీ సంబంధం లేదు, పని చేసే హక్కు మీకు ముందే ఉండాలి. “అప్రెంటిస్‌షిప్ స్పాన్సర్‌ను చూపిస్తాం, ఇంత డబ్బు కట్టండి” అని ఎవరైనా అంటే, వారు మన ఊరివారైనా సరే, ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు.

ఇప్పుడు నా అనుభవం చెబుతాను, ఎందుకంటే ఈ జాబు రాయడానికి అసలు కారణం అదే. నేను ఇక్కడ మొట్టమొదట చేరిన చిన్న కంపెనీలో “ముందు పని చూపించు, వచ్చే నెల నమోదు చేయిస్తాను” అన్నారు. ఆ వచ్చే నెల పదకొండు నెలలైనా రాలేదు. నేలమాళిగల్లో కాంక్రీటు పగలగొట్టాను, చలిలో కందకాలు తవ్వాను, గొట్టాలు మోశాను. చివరకు మరో చోట చేరి నమోదు చేయించుకున్నప్పుడు, పాత యజమాని నా గంటలను ధ్రువీకరిస్తూ సంతకం చేయలేదు. అన్ని నెలల కష్టం నా లెక్కలో ఒక్క గంటగా కూడా చేరలేదు. అందుకే మొహమాటపడకుండా మొదటి రోజే అడగండి: శిక్షణ ఒప్పందాన్ని స్కిల్డ్ ట్రేడ్స్ అంటారియో అనే ప్రభుత్వ సంస్థలో ఏ తేదీన నమోదు చేయిస్తారు? నేను ఏ జర్నీపర్సన్ (సర్టిఫికెట్ ఉన్న పనివారు) కింద పని చేస్తాను? ఒక్కో అప్రెంటిస్‌కు సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒకరు ఉండాలన్నది ఇక్కడి నిష్పత్తి కాబట్టి, రెండో ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే మొదటిదానికి వచ్చిన జవాబునూ నమ్మవద్దు.

నమోదయ్యాక మీకు లాగ్‌బుక్ ఉంటుంది. అందులో ఒక్కో నైపుణ్యం పక్కన, మీకు అది వచ్చిందని శిక్షకుడు సంతకం చేయాలి. సంతకాలను ఏడాది చివర ఒకేసారి పెట్టించుకుందామని వాయిదా వేయవద్దు. ఈలోగా ఆయన కంపెనీ మారితే వెతికి పట్టుకోవడం చాలా కష్టం. పే స్లిప్పులన్నీ దాచుకోండి, ఏ రోజు ఎన్ని గంటలు, ఏ పని చేశారో మీ సొంత పుస్తకంలో కూడా రాసుకోండి.

యజమానిని ఎక్కడ వెతకాలి? పెద్ద భవనాల పని కావాలంటే టొరంటోలో యూఏ లోకల్ 46 అనే యూనియన్ ఉంది, వారు అప్రెంటిస్‌లను తీసుకునే సమయాలను గమనిస్తూ ఉండండి. ఇళ్ల పని చేసే చిన్న కంపెనీల కోసం, తెల్లవారుజామున ప్లంబింగ్ సామాను అమ్మే హోల్‌సేల్ కౌంటర్ దగ్గరకు వెళ్లండి. ఆ వేళ కాఫీ కప్పుతో నిలబడేవారిలో చాలామంది మనుషులను పెట్టుకునే యజమానులే. నిర్మాణ స్థలాల్లో ఎత్తున పని చేయడానికి తప్పనిసరైన ‘వర్కింగ్ ఎట్ హైట్స్’ శిక్షణ పూర్తిచేసి, డ్రైవింగ్ లైసెన్సు చేతిలో పెట్టుకుని వెళితే మీ మాటకు బరువు ఉంటుంది.

మన దేశంలో ఈ పని ఏళ్ల తరబడి చేసినవారు ఆధారాలతో ట్రేడ్ ఈక్వివలెన్సీ అసెస్‌మెంట్‌కు, అంటే పాత అనుభవాన్ని లెక్కగట్టే పరిశీలనకు, దరఖాస్తు చేసుకోవచ్చు, అనుభవం సరిపోతే నేరుగా పరీక్షకు అనుమతిస్తారు. అయినా ఇక్కడి పద్ధతులు కొత్తగా నేర్చుకోవలసిందే. డాబా మీది ట్యాంకు నుంచి నీళ్లు దించడం మనకు తెలుసు. ఇక్కడ వీధి గొట్టం ఒత్తిడితోనే నీరు ఇంట్లోకి ఎక్కుతుంది. చలికాలంలో నేల గడ్డకడుతుంది కాబట్టి ఆ గొట్టాన్ని టొరంటో ప్రాంతంలో నాలుగడుగులకు పైగా లోతున వేస్తారు. ప్రతి సింకు కింద నీరు నిలిచే వంపు గొట్టం (ట్రాప్), ఆ నీటిని మురుగు ప్రవాహం లాగేయకుండా కాపాడే గాలి గొట్టం ఉండాలి.

చేతి పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది రాగి గొట్టానికి టంకం పెట్టడం. గొట్టం చివరను మెరిసేదాకా రుద్ది, టంకం అంటుకోవడానికి తోడ్పడే ఫ్లక్స్ పూసి, మంటను టంకం తీగ మీద కాకుండా గొట్టాలను కలిపే ఫిట్టింగ్ మీద పెడితే, వేడి సరిపోయిన క్షణంలో కరిగిన టంకం సందులోకి తనంతట తానే పాకి చుట్టూ వెండి ఉంగరంలా నిలుస్తుంది. గొట్టంలో నీటి చుక్క మిగిలి ఉంటే మాత్రం ఆవిరై అతుకును పాడుచేస్తుంది. వాల్వు పూర్తిగా మూసుకోని పాత ఇళ్లలో, నాకు పని నేర్పిన పెద్దాయన బ్రెడ్డు ముక్కను ఉండచేసి గొట్టంలోకి దోపేవారు. అది కారే నీటిని పీల్చుకుని అతుకు అయ్యేదాకా ఆపేది, తరువాత కుళాయి తిప్పితే కరిగి కొట్టుకుపోయేది. ఇలాంటివి మనిషి పక్కన నిలబడితేనే వస్తాయి, అందుకే 8,280 గంటలు.

డబ్బు విషయానికి వస్తే, తొలి ఏడాది జీతం తక్కువే, దశ మారేకొద్దీ పెరుగుతుంది. తరగతులకు వెళ్లే వారాల్లో అర్హత ఉంటే ఉపాధి బీమా వస్తుంది. దానికి డబ్బు రాని నిరీక్షణ వారం ఉన్నా, మొత్తం అప్రెంటిస్‌షిప్‌కు అది ఒక్కసారే. కెనడా అప్రెంటిస్ లోన్ కింద ఒక్కో దశ చదువుకు 4,000 డాలర్ల వరకు వడ్డీ లేని అప్పు దొరుకుతుంది.

ఆ యువకుడు చివర్లో, “బీటెక్ చదివి ఈ పనేమిటని నాన్నగారు బాధపడతారేమో” అని కూడా రాశారు. బాబూ, నాన్నగారికి ఫోనులో వివరించే బదులు మీరు పెట్టిన మొదటి అతుకును వీడియోలో చూపించండి. గిడ్డంగి ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. ఈ నెలలో ఎత్తు శిక్షణ పూర్తిచేయండి, షిఫ్టు దిగాక వారానికి రెండు ఉదయాలు ఆ కౌంటర్ దగ్గరకు వెళ్లండి, ఎవరైనా “రేపటి నుంచి రా” అంటే సంతోషపడి, ఒప్పందం ఎప్పుడు నమోదు చేయిస్తారో అక్కడే అడగండి.