కాల్‌లో మాత్రం మొహం ఎందుకలా వాడిపోతుంది?

ఈసారి ప్రశ్నలన్నీ ఆఫీసు వీడియో కాల్స్ చుట్టూనే తిరిగాయి. మిగతా విషయాలు అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చేసారి మీ వంతే.

ప్రశ్న: అద్దంలో చూసుకుంటే బాగానే ఉంటాను. కాల్‌లోకి వెళ్లగానే మొహం పాలిపోయి, రాత్రంతా నిద్ర లేనట్టు తయారవుతుంది. మొన్న మా మేనేజర్ "ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టాల్సింది కదమ్మా" అన్నారు కూడా. ఫౌండేషన్ ఇంకో పూత వేసి చూశాను, ఇంకా అధ్వానంగా ఉంది. కాల్‌కి ముందు నాకు దొరికేది ఐదు నిమిషాలే. ఏం వేసుకోమంటారు?

జవాబు: ముందు ఆ రెండో పూత మానేయండి, అసలు సగం తంటా దానితోనే. ల్యాప్‌టాప్ కెమెరాలో ఉండే సెన్సర్ గోరంత కూడా ఉండదు. వెలుతురు చాలకపోతే అది అందిన కాస్త సిగ్నల్‌నే గుంజి పెంచుతుంది, దాంతోపాటు బొమ్మ నిండా సన్నటి చుక్కలు లేస్తాయి, ఆపైన నెట్‌లో పంపడానికి వీడియోని కుదించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ చుక్కలతో కలిపి మీ చర్మంలో ఉండే చిన్న చిన్న తేడాల్ని కూడా చదును చేసేస్తుంది. బుగ్గల్లో ఎరుపు, కనుబొమల వెంట్రుకలు, పెదవి అంచు, ముందు పోయేవి ఇవే. మిగిలేది అట్టముక్క లాంటి మొహం. దానిమీద మీరు ఫౌండేషన్ దట్టిస్తే ఉన్న కాస్త తేడా కూడా పోతుంది. కాబట్టి మనం చేయాల్సింది చర్మాన్ని కప్పడం కాదు, కెమెరా చెరిపేసిన వాటిని మళ్లీ పెట్టుకోవడం.

అయితే మేకప్ డబ్బా తెరిచే ముందు ఒకసారి ఎక్కడ కూర్చున్నారో చూసుకోండి. కిటికీ మీ వెనక ఉంటే కెమెరా ఆ వెలుతురుకి సర్దుకుని మిమ్మల్ని చీకట్లోకి తోసేస్తుంది, అప్పుడు ఎంత ఖరీదైన క్రీమ్ అయినా దండగ. కిటికీకి ఎదురుగా కూర్చోండి. నెత్తిమీద లైటు ఒక్కటే ఉంటే కళ్లకింద, ముక్కుకింద నీడలు పడతాయి. చాలామంది నల్లటి వలయాలు అనుకుని బాధపడేది ఈ నీడల్నే. రాత్రి కాల్ అయితే ఒక టేబుల్ లైటుని ల్యాప్‌టాప్ వెనక పెట్టి ఎదురు గోడ మీదకి తిప్పండి, గోడకి తగిలి వచ్చే వెలుతురు మెత్తగా ఉంటుంది. బల్బు మీద 4000 నుంచి 5000 కెల్విన్ (వెలుతురు రంగుని చెప్పే కొలత) అని ఉంటే చర్మం రంగు పచ్చగానూ నీలంగానూ కాకుండా మామూలుగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి కెమెరాని కళ్ల ఎత్తుకి తెచ్చుకోండి, చేయి చాపితే అందేంత దూరంలో కూర్చోండి. మరీ దగ్గరికి జరిగితే ముక్కే ముందు కనిపిస్తుంది.

ఇక ఐదు నిమిషాల సంగతి. అద్దం పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌లో కెమెరా తెరవండి, మీకు అద్దం అదే. మాయిశ్చరైజర్ రాసుకుని అది ఇంకేలోపు కనుబొమలు చూసుకోండి. పెన్సిల్‌తో గీత గీయకుండా ఖాళీగా ఉన్నచోట మాత్రం వెంట్రుక పొడవున చిన్న గీతలు పెట్టి బ్రష్‌తో పైకి దువ్వితే చాలు. మచ్చలు కప్పే కన్సీలర్ మొహమంతా వద్దు, ముక్కు పక్కన ఎర్రగా ఉన్నచోట, మచ్చ ఉన్నచోట ఒక చుక్క పెట్టి వేలితో తట్టేయండి. తర్వాత బ్లష్, నన్నడిగితే కాల్ మేకప్‌లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. క్రీమ్ బ్లష్ ఉంగరం వేలికి కొంచెం అద్దుకుని, నవ్వినప్పుడు ఉబ్బే చోటు కంటే ఒక వేలు పైనుంచి మొదలుపెట్టి కణతవైపు తట్టుకుంటూ వెళ్లండి, రుద్దొద్దు. అద్దంలో చూస్తే 'అబ్బో, కాస్త ఎక్కువైందేమో' అనిపించాలి. స్క్రీన్ మీద అదే సరిగ్గా ఉంటుంది, నమ్మకం లేకపోతే ఒక బుగ్గకే వేసుకుని కెమెరాలో రెండు బుగ్గలూ పోల్చి చూడండి. లిప్‌స్టిక్ మీ పెదవి రంగు కంటే ఒకటి రెండు ఛాయలు ముదురుగా, గులాబీ గానీ ఇటుక రంగు గానీ. చర్మం రంగులో కలిసిపోయే న్యూడ్ రంగులు కాల్‌లో పెదవుల్ని మాయం చేస్తాయి. చివర్లో నుదుటి మధ్య, ముక్కు మీద, గడ్డం మీద మాత్రం పౌడర్. మెరుపులుండే హైలైటర్ జోలికి వెళ్లకండి, కెమెరాకి అదీ చెమటా ఒకటే.

ఐదు కాదు ఒక్క నిమిషమే ఉందంటే కనుబొమలు దువ్వి, లిప్‌స్టిక్ వేసుకుని, అదే లిప్‌స్టిక్ బుగ్గలకి కాస్త తట్టుకుని కూర్చోండి. తెలిసినవాళ్లు కూడా పట్టుకోలేరు.

ప్రశ్న: కళ్లకింద నలుపు దాచాలని నా రంగు కన్నా లేత కన్సీలర్ వేస్తే ఆ భాగం బూడిద రంగులోకి మారిపోతోంది. కాటుక పెడితే ఇంకా నీరసంగా కనిపిస్తున్నాను. ఏది తప్పు?

జవాబు: రెండూ. కళ్లకింద ఉండేది ఎక్కువగా నీలం కలిసిన గోధుమ రంగు, దానిమీద లేత రంగు పూస్తే బూడిద రంగు రాక ఏమొస్తుంది? నీలానికి విరుగుడు నారింజ. మీది చామనఛాయ అయితే పీచ్ కరెక్టర్ (కన్సీలర్ కంటే ముందు వేసి నలుపుని సరిచేసే క్రీమ్), ఇంకా ముదురు రంగైతే నారింజ కరెక్టర్ తీసుకోండి. కంటి లోపలి మూల దగ్గర అసలు నల్లగా ఉన్నచోట మాత్రం పల్చగా వేసి, ఒక నిమిషం ఆగి, మీద మీ చర్మం రంగు కన్సీలర్ తట్టండి. లేతది కాదు, మీ రంగుదే. కింద అంతా త్రికోణంలా పూసే పద్ధతి కాల్స్‌కి అక్కర్లేదు, కాసేపటికి ముడతల్లో చేరి కూర్చుంటుంది.

కాటుక కింది గీతలో పెడితే కన్ను చిన్నదవుతుంది, పైగా కరిగి కిందకి దిగి, మీరు కష్టపడి దాచిన నలుపుని మళ్లీ తెచ్చిపెడుతుంది. పై రెప్ప అంచున, వెంట్రుకల మొదళ్లలో పెట్టి చూడండి.

ప్రశ్న: నాకు కళ్లజోడు లేనిదే పని జరగదు. రింగ్ లైట్ కొన్నాక నా కళ్లలో రెండు తెల్లటి సున్నాలు తప్ప ఏమీ కనబడటం లేదని టీమ్ అంతా ఏడిపిస్తున్నారు.

జవాబు: ఆ లైటుని కెమెరా వెనకనుంచి తీసేయండి. కాస్త పక్కకి జరిపి, తల కంటే ఎత్తులో పెడితే అద్దాల్లో పడిన వెలుతురు కెమెరాలోకి కాకుండా కిందకి పోతుంది. ఇంకా మిగిలితే కళ్లజోడు కాడల్ని చెవుల మీద పిసరంత పైకి లేపండి, అద్దాలు కిందకి వాలతాయి, ఎదుటివాళ్లకి తేడా తెలియదు. తెల్లటి డాక్యుమెంట్ తెరిచి ఉంచితే అది కూడా అద్దాల్లో కనిపిస్తుంది, స్క్రీన్ వెలుగు తగ్గించుకోండి.

మైనస్ పవర్ అద్దాలు కళ్లని చిన్నవిగా చూపిస్తాయి కాబట్టి పై రెప్పలకి మస్కారా వేస్తే కాస్త తేరుకుంటాయి. ప్లస్ పవర్ అయితే కళ్లతోపాటు కన్సీలర్ ముడతలు కూడా పెద్దవై కనిపిస్తాయి, అక్కడ ఎంత తక్కువ వేస్తే అంత మంచిది. ముక్కు మీద అద్దాలు ఆనేచోట అసలేమీ వేయకండి, ఎలాగూ అంటుకుపోతుంది.

ప్రశ్న: నేను మగవాణ్ణి, నవ్వకండి. కాల్‌లో నా నుదురు, ముందు బట్టతల నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పౌడర్ వేసుకుంటే తెలిసిపోతుందా?

జవాబు: నవ్వేదేముంది, టీవీ స్టూడియోల్లో మగవాళ్లకీ పౌడర్ అద్దాకే కెమెరా ముందుకి పంపుతారు. 1960 సెప్టెంబర్ 26న అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న కెన్నెడీ, నిక్సన్‌ల మధ్య మొదటి టీవీ చర్చ జరిగింది. మోకాలి ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో ఉండి వచ్చిన నిక్సన్ సరైన మేకప్ వద్దని, పెరిగిన గడ్డం కనబడకుండా లేజీ షేవ్ అనే పౌడర్ మాత్రం పూసుకుని కూర్చున్నాడు. లైట్ల కింద చెమటలు పట్టాయి, దానికి తోడు లేత బూడిద రంగు సూటు వెనక గోడలో కలిసిపోయింది. ఆయన ఏం మాట్లాడారో మర్చిపోయినవాళ్లు కూడా ఆ మొహాన్ని మర్చిపోలేదు.

మీరు చేయాల్సింది, ముందు టిష్యూతో జిడ్డుని అద్ది తీసేయడం. జిడ్డు మీదే పౌడర్ వేస్తే ఉండలు కడుతుంది, అప్పుడు నిజంగానే తెలిసిపోతుంది. తర్వాత రంగు లేని పౌడర్‌ని పెద్ద బ్రష్‌తో తీసుకుని, బ్రష్‌ని దులిపి, పల్చగా తిప్పండి. తెల్లటి చొక్కా కూడా కాస్త చూసి వేసుకోండి. ఫ్రేమ్‌లో తెలుపు ఎక్కువుంటే కెమెరా మొత్తం వెలుగుని తగ్గించుకుని మొహాన్ని నల్లగా చూపిస్తుంది. సన్నటి గీతల చొక్కాలైతే స్క్రీన్ మీద పాకుతున్నట్టు కనబడతాయి.

ప్రశ్న: జూమ్‌లో, టీమ్స్‌లో మేకప్ ఫిల్టర్లు ఉన్నాయిగా, ఇవన్నీ ఎందుకు?

జవాబు: ఉన్నాయి. జూమ్‌లో చర్మాన్ని నునుపు చేసే 'టచ్ అప్ మై అపియరెన్స్' ఉంది, టీమ్స్‌లోకి 2023లో మేబెలీన్ వాళ్ల మేకప్ ఫిల్టర్లు వచ్చాయి. హఠాత్తుగా కాల్ వస్తే పనికొస్తాయి, కాదనను. కానీ మాట్లాడుతూ మాట్లాడుతూ మొహం ముందు చేయి పెట్టారనుకోండి, లిప్‌స్టిక్ వేలి మీదకి ఎక్కే ప్రమాదం ఉంది, క్లయింట్ ముందు అది అవసరమా? నునుపు ఫిల్టర్‌ని సగానికి తక్కువలో ఉంచండి, అంతకు మించితే ముందు చెప్పిన అట్టముక్క మళ్లీ తయారు. జూమ్‌లో తక్కువ వెలుతురుని సర్దే ఆప్షన్ కూడా ఉంది, ముందు అది ఆన్ చేసి చూడండి.

ప్రశ్న: రోజంతా కాల్స్, రోజంతా నా మొహమే నాకు కనిపిస్తుంటే విసుగొస్తోంది. మేకప్ లేకుండా కూర్చుంటే ఏమనుకుంటారో అని టెన్షన్.

జవాబు: వేసుకోకపోతే ఏమీ కాదు, ఇష్టమైతేనే వేసుకోండి. ఆ విసుగు మీ ఒక్కరిదే కాదు. వీడియో కాల్స్ మనుషుల్ని ఎందుకు అంతగా అలసిపోయేలా చేస్తాయో 2021లో రాసిన వ్యాసంలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ నాలుగు కారణాలు చెప్పారు, వాటిలో ఒకటి గంటల తరబడి మనల్ని మనమే చూసుకోవడం. కాల్ మొదట్లో ఒకసారి ఫ్రేమ్ చూసుకుని 'హైడ్ సెల్ఫ్ వ్యూ' నొక్కేయండి. అవతలివాళ్లకి మీరు కనిపిస్తూనే ఉంటారు, మీకు మాత్రం ఆ బాధ ఉండదు.

ప్రశ్న: కాల్‌కి టైమైపోతే మా అక్క మస్కారా వాడేస్తుంటాను, పర్వాలేదా?

జవాబు: వద్దు. కళ్ల ఇన్ఫెక్షన్లు ఒకరి నుంచి ఒకరికి అలాగే అంటుకుంటాయి. సొంతది కొనుక్కుని, మూడు నెలలయ్యాక ఎంత మిగిలినా సరే పారేయండి.