మీరడిగారు: చవక పిస్తోలు కొంటే గిట్టుబాటేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు రెండు మూడు వందల డాలర్లలో దొరికే పిస్తోళ్లు కొనవచ్చా అని అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం.

ప్రశ్న: టెక్సస్‌లో గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. గ్రీన్ కార్డు ఉంది. తుపాకుల షాపులో హై-పాయింట్ సి9 అనే 9 ఎంఎం పిస్తోలు 170 డాలర్లకు ఇస్తామంటున్నారు. పక్క అరలో ఉన్నవి 500, 600. ఇంత తేడా ఎందుకు? కాలిస్తే చేతిలో పేలిపోదు కదా? — ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: సరైన తూటా వేసి కాలిస్తే పేలిపోదు. ఒహాయోలో తయారయ్యే ఈ పిస్తోలు మొరటుదే కానీ మోసం కాదు. ధర ఎక్కడ తగ్గిందో తెలిస్తే మీకు పనికొస్తుందో లేదో మీరే తేల్చుకోగలరు.

9 ఎంఎం తూటా పేలినప్పుడు లోపలి పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్ల దాకా పోతుంది. అది దిగేవరకు వెనక తలుపు తెరుచుకోకూడదు. ఖరీదైన పిస్తోళ్లలో బ్యారెల్, దాని మీది స్లైడు గడియ పడ్డట్టు కలిసి కొద్ది దూరం వెనక్కి జరుగుతాయి. అప్పుడు బ్యారెల్ వెనక భాగం కిందికి వాలి స్లైడును వదిలిపెడుతుంది. ఆ గడియను ఉక్కులో లెక్క తప్పకుండా చెక్కాలి, డబ్బంతా అక్కడే పోతుంది. హై-పాయింట్‌లో గడియే లేదు. స్లైడు బరువు, స్ప్రింగు బిగువు, ఈ రెండే తలుపును ఆపుతాయి. స్లైడును ఉక్కుతో చేయరు, జింకులో కొంత అల్యూమినియం కలిపిన జమాక్ అనే మిశ్రమాన్ని అచ్చులో పోస్తారు. ఇది ఉక్కు కన్నా మెత్తన, అందుకే ఇటుకలా లావుగా ఉంటుంది. బ్యారెల్ మాత్రం ఉక్కుదే.

దీనివల్ల వచ్చే ఇబ్బందులు మూడు. ఖాళీ పిస్తోలే దాదాపు 820 గ్రాములు, ఆ బరువంతా పైభాగాన ఉండటంతో చేతిలో తల వాల్చుతుంది. స్లైడు వెనక్కి లాగడం గట్టి, వేళ్లలో బలం తక్కువున్నవాళ్లు షాపులోనే లాగి చూసుకోవాలి. ఇక శుభ్రం చేయడానికి విప్పాలంటే ఫ్రేములోని పిన్నును పంచ్ పెట్టి సుత్తితో కొట్టి తీయాలి. అందుకే చాలామంది అసలు విప్పరు, మసి పేరుకుని పిస్తోలు మొరాయిస్తుంది. మ్యాగజైన్‌లో ఎనిమిది తూటాలే పడతాయి. మెచ్చుకోవలసిన సంగతీ ఉంది: కంపెనీ వారంటీ జీవితకాలానిది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకూ వర్తిస్తుంది.

ధర చూసేటప్పుడు పిస్తోలు ఒక్కదాన్నే చూడకండి. అలవాటు పడటానికి కనీసం 300 తూటాలు కావాలి, ఒక్కోటి పాతిక ముప్పై సెంట్లు వేసుకున్నా సుమారు 80 డాలర్లు. ఆత్మరక్షణకు వాడే, ముక్కున గుంట ఉండే హాలో పాయింట్ తూటాల 50 పెట్టెకు ఇంకో 45. చెవులకు మఫ్స్, కళ్లద్దాలు 40, ఉక్కు లాక్‌బాక్స్ 50, నాలుగు గంటల శిక్షణ తరగతి 100. పిస్తోలు 170ది అయితే మొత్తం 485, 300ది అయితే 615. అంటే చవకది కొని మిగుల్చుకునేది మొత్తం ఖర్చులో అయిదో వంతు. దానికోసం బరువునూ, మొండి ట్రిగ్గర్‌నూ, సుత్తితో విప్పే బాధనూ ఏళ్ల తరబడి భరించడం మాకు గిట్టుబాటుగా కనిపించదు. నిజంగా 170కి మించి లేకపోతే హై-పాయింట్ కొని, మిగతా ఖర్చుల్లో దేన్నీ తగ్గించకండి.

ఇంకో మాట. క్యాష్ కౌంటర్ కింది సొరుగును లాకర్ అనుకోవద్దు. షాపు బిల్డింగ్ లీజుకు తీసుకున్నదైతే అగ్రిమెంటులో ఆయుధాల షరతు ఉందేమో చదవండి. పనివాళ్ల చేతికి అందేలా ఎప్పుడూ పెట్టకండి. ఊరు మారే ఆలోచన ఉంటే ఇదీ గుర్తుంచుకోండి: 800 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు కరిగే జింకు పోత పిస్తోళ్లను ఇల్లినాయ్‌లో డీలర్లు అమ్మకూడదు. జమాక్ 720 దాటగానే కరుగుతుంది.

ప్రశ్న: హెచ్1బి మీద ఉన్నాను. నైట్ షిఫ్టుల వల్ల ఇంట్లో భార్య ఒంటరిగా ఉంటుంది. ఒక చవక పిస్తోలు కొనాలని ఉంది. సిటిజన్‌షిప్ ఉన్న మిత్రుడు తన పేరున కొనిస్తానంటున్నాడు. — ఒక పాఠకుడు, షార్లెట్

జవాబు: వద్దు. ఇందులో ధర ప్రస్తావనే అనవసరం. హెచ్1బి, ఎల్1, ఎఫ్1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద వచ్చినవారు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. షూటింగ్ రేంజ్‌లో తుపాకీ అద్దెకు తీసుకుని కాల్చడం కూడా దగ్గర పెట్టుకోవడం కిందికే వస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. దాన్ని నమ్ముకుని అడుగు వేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఎందుకంటే ఈ కేసులో శిక్షతో పాటు దేశం విడిచిపోవలసిన పరిస్థితీ వస్తుంది.

మీ మిత్రుడు చేస్తానన్నదాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు తనేనని ఆయన సంతకం పెట్టాలి. ఆ అబద్ధం నేరమే, కొనిచ్చినందుకైతే 2022 చట్టం తర్వాత 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. అలా మిత్రుడి నెత్తికి చుట్టకండి. ఇంటి భద్రతకు గట్టి డోర్ ఫ్రేము, మూడంగుళాల స్క్రూలతో బిగించిన స్ట్రైక్ ప్లేటు (గడియ దూరే రేకు), కెమెరా, అలారం వేయించండి. పిస్తోలు ఖర్చులోనే అయిపోతాయి.

ప్రశ్న: 280 డాలర్లకు కొత్త పిస్తోలు కొన్నాను. మొదటి 50 తూటాల్లో నాలుగుసార్లు ఇరుక్కుంది. చవకది కొన్నందుకు ఇదే ఫలితమా? — ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: అంత తొందరగా నిర్ణయానికి రాకండి. ఇరుక్కున్న తీరు చూస్తే కారణం తెలుస్తుంది. మూతి దించకుండా, వేలు ట్రిగ్గర్ బయట పెట్టి, ఒక్క క్షణం చూడండి.

ఖాళీ షెల్లు స్లైడు సందులో పొగగొట్టంలా నిలబడితే అది పూర్తిగా బయటికి ఎగరలేదన్నమాట. చేతి మణికట్టు వదులుగా ఉన్నా, తూటా బలహీనమైనదైనా, షెల్లును పట్టి లాగే కొక్కెం మసి పట్టినా ఇలా అవుతుంది. తేలికపాటి పిస్తోళ్లలో మణికట్టుదే ఎక్కువ పాత్ర: ఫ్రేము కూడా వెనక్కి జరిగిపోతే స్లైడు పూర్తి దూరం పోలేదు. అనుభవమున్న మరొకరి చేత అదే పిస్తోలు, అవే తూటాలు 20 కాల్పించండి. వాళ్ల చేతిలో సాఫీగా నడిస్తే పట్టు సరిచేసుకుంటే చాలు.

తూటా ముక్కు పైకి లేచి బ్యారెల్ నోటి దగ్గర గుచ్చుకుంటే ముందు మ్యాగజైన్‌ను అనుమానించండి. చవక పిస్తోళ్లలో నాణ్యత తగ్గేది ఎక్కువగా ఇక్కడే. మ్యాగజైన్ పైఅంచు రేకులు వెంట్రుకవాసి వంకర ఉన్నా తూటా కోణం మారిపోతుంది. రెండు మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2 అని రాసి, ఏది ఎన్నిసార్లు ఇరుక్కుందో రాసుకోండి. ఒకటే తప్పు చేస్తుంటే కంపెనీని అడిగి మార్పించుకోండి. రేకులను ప్లయర్‌తో మీరే వంచవద్దు.

టిక్కుమని శబ్దం వచ్చి తూటా పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. తర్వాత తూటా తీసి వెనక ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) మీది గుంట చూడండి. లోతుగా ఉంటే తూటాది లోపం. పైపైన ఉంటే ప్రైమర్‌ను కొట్టే సూదికి, అంటే స్ట్రైకర్‌కు, ఊపు చాలలేదు. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన చిక్కటి నూనె స్ట్రైకర్ దారిలో ఉండిపోవడం కొత్త పిస్తోళ్లలో మామూలే. కాల్చకముందే విప్పి ఆ నూనె తుడవాలి. స్లైడు జారే పట్టాలకు నాలుగు చోట్ల ఒక్కో చుక్క నూనె చాలు, స్ట్రైకర్ దారికి అసలు వేయకూడదు.

అన్నిటికన్నా ప్రమాదం ఇది: ఢామ్మని కాకుండా తుస్సుమని శబ్దం వస్తే కాల్చడం అక్కడితో ఆపండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. వెనకే ఇంకో తూటా కాలిస్తే బ్యారెల్ చీలుతుంది. ఖరీదైన పిస్తోలుకైనా అదే గతి.

శుభ్రం చేశాక ఇత్తడి షెల్లు, 115 గ్రెయిన్ (గుండు బరువు కొలత) తూటాలు 200 కాల్చండి. అప్పుడూ ఇరుక్కుంటే కాస్త బలంగా తోసే 124 గ్రెయిన్‌వి ప్రయత్నించండి, కొత్త స్ప్రింగు బిగువుకు అవి సరిపోవచ్చు. ఆ పైన ఇంట్లో వాడబోయే హాలో పాయింట్ తూటాలే 50. వీటి ముక్కు మొద్దుగా ఉంటుంది కాబట్టి మామూలు తూటా మింగే పిస్తోలు దీన్ని మింగకపోవచ్చు. ఈ 250లో ఒక్కటి కూడా ఇరుక్కోకపోతే నమ్మవచ్చు. ఇరుక్కుంటుంటే వారంటీకి పంపండి. ఎలా పంపాలో కంపెనీనే అడిగి, వాళ్లిచ్చే లేబుల్ మీదే పంపండి.

ప్రశ్న: తాకట్టు దుకాణంలో పాత రేవెన్ .25 పిస్తోలు 90 డాలర్లకు కనిపించింది. జేబులో పట్టేంత చిన్నది. తీసుకోనా? — ఒక పాఠకుడు, ఫీనిక్స్

జవాబు: తీసుకోవద్దు. 1968 గన్ కంట్రోల్ చట్టం చిన్న విదేశీ పిస్తోళ్ల దిగుమతిని అడ్డుకుంది. ఆ ఖాళీని పూరించడానికి లాస్ ఏంజిలెస్ చుట్టుపక్కల రేవెన్, జెన్నింగ్స్, బ్రైకో, లోర్సిన్, డేవిస్ లాంటి కంపెనీలు వరసగా పుట్టాయి. అన్నీ జింకు పోత పిస్తోళ్లే. వాటిలో ఎన్నో తాకట్టు దుకాణాల్లో ఇంకా తిరుగుతున్నాయి.

బ్రైకో 38 మోడల్‌లో ఛాంబర్‌లోని (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) తూటా తీయాలంటే సేఫ్టీ మీటను ఆఫ్ చేయక తప్పదు. అలా తీయబోతుండగా 1994లో పేలి కాలిఫోర్నియాలో ఏడేళ్ల పిల్లవాడికి మెడ కింద శరీరం చచ్చుబడింది. 2003లో జ్యూరీ తీర్పు వచ్చాక కంపెనీ దివాలా తీసింది. దాని వారసత్వంగా వచ్చిన హిమెనెజ్ ఆర్మ్స్ కూడా 2020లో దివాలాకు వెళ్లింది. ఇప్పుడు పగిలిన భాగం మార్చేవారూ లేరు, వారంటీ ఇచ్చేవారూ లేరు.

పాత పిస్తోలు ఏది చూసినా ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడు లాగాలి, ఛాంబర్‌లో చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. వరస తిరగబడితే మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. తర్వాత టార్చి వేసి షెల్లు బయటికొచ్చే సందు మూలల్లో, పిన్నుల రంధ్రాల చుట్టూ పగుళ్లు వెతకండి. సీరియల్ నంబరు రాసుకుని తయారీదారు రీకాల్ జాబితాలో చూడండి. టారస్ పాత పీటీ-111 మిలీనియం, 24/7 వంటి తొమ్మిది మోడళ్లు కింద పడితే పేలవచ్చన్న ఆరోపణ మీద కొన్నవాళ్లందరి తరఫున వేసిన క్లాస్ యాక్షన్ దావాలో రాజీ జరిగింది. ఇలాంటివి కూడా సెకండ్ హ్యాండ్‌లో చవకగా ఎదురవుతాయి.

ప్రశ్న: సరే, 300 డాలర్ల దగ్గర ఏది కొనమంటారు? — ఇద్దరు పాఠకులు, టాంపా, కొలంబస్

జవాబు: మా మొదటి ఓటు పోలీసులు వాడి మార్చేసిన గ్లాక్ పిస్తోలుకు. డీలర్ల దగ్గర 300 నుంచి 400 మధ్య దొరుకుతుంది. ఒరలో (హోల్‌స్టర్) రాసుకుని పైపూత అరిగి ఉంటుంది, లోపల చాలావరకు తక్కువే కాల్చి ఉంటుంది. గురి చూడటానికి చీకట్లో వెలిగే ట్రిటియం సైట్లుంటే అవి మసకబారి ఉంటాయి, పన్నెండేళ్లకు వెలుగు సగమవుతుంది. అది చూసి ధర తగ్గించమనండి. ఇంటికి తెచ్చాక స్లైడును తిరిగి ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగు కొత్తది వేయండి.

కొత్తదే కావాలంటే స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ9 గట్టి పిస్తోలు, ట్రిగ్గర్ మాత్రం బరువు. టారస్ జీ3సీ చిన్న చేతులకు బాగుంటుంది, 12 తూటాలు. పాల్మెట్టో డాగర్ మూడో తరం గ్లాక్ పోలికలో చేసినది, విడిభాగాలకు కొదవ లేదు. ఏది కొన్నా పైన చెప్పిన 250 తూటాల పరీక్ష తప్పించకండి. డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనడానికి 21 ఏళ్లు నిండాలి. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, మేరీలాండ్‌లలో ఆమోదిత జాబితాలో ఉన్న మోడళ్లే అమ్ముతారు.

పెట్టెలో వచ్చే కేబుల్ తాళాన్ని పారేయకండి. మ్యాగజైన్ తీసి, కేబుల్‌ను షెల్లు సందులోంచి దూర్చి మ్యాగజైన్ పట్టే గొట్టంలోంచి బయటికి తీసి తాళం వేస్తే స్లైడు మూసుకోదు. పిల్లలున్న ఇంట్లో ఇది చాలదు, లాక్‌బాక్స్ కూడా ఉండాలి. దాన్ని స్క్రూలతో గోడకో మంచానికో బిగించాలి. లేకపోతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు.

ప్రశ్న: అమెరికా ధరలు చూస్తే ఆశ్చర్యమేస్తోంది. మన దగ్గర రివాల్వర్ లక్ష మాట. నాటు పిస్తోలు కొన్ని వేలకే దొరుకుతుందని అంటున్నారు. లైసెన్సు ఉంటే అది పెట్టుకోవచ్చా? — ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కుదరదు. లైసెన్సులో ఆయుధం వివరాలు, నంబరు ఎక్కాలి. నంబరు లేని నాటు పిస్తోలును ఏ లైసెన్సూ కాపాడదు. మామూలు బోర్ (గొట్టం లోపలి వెడల్పు) ఆయుధం లైసెన్సు లేకుండా దొరికినా 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్లు. పైగా అది పీడనానికి పరీక్షించిన ఉక్కు కాదు, దొరికిన పైపుతో చేసినది. గడియ సరిగ్గా పడక షెల్లు వెనక్కి చీలి, మంట కాల్చినవాడి కంటికీ బొటనవేలికీ తగులుతుంది.

9 ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ (నిషిద్ధ) బోర్, కాబట్టి పైన చెప్పిన అమెరికా మోడళ్లేవీ మీకు పనికిరావు. మామూలు పౌరుడికి దారి .32 బోర్. కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ రివాల్వర్లు అందులోవే. 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ కూడా అదే బోర్, దాదాపు 500 గ్రాములు, అప్పట్లోనే ధర 1.22 లక్షలు. ముందు లైసెన్సు, తర్వాతే కొనుగోలు. ఫారం ఏ-1 మీద దరఖాస్తు జిల్లాల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కు, హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్‌కు పెట్టుకోవాలి. ప్రాణహాని ఉందనడానికి ఫిర్యాదు కాపీలు, ఎఫ్ఐఆర్ ఉంటే దాని నకలు జతచేయండి. ఆధారం లేని దరఖాస్తులు ఎక్కువగా పోలీసు విచారణ దగ్గరే ఆగిపోతున్నాయి.