గతుకుల రోడ్డుకు పాత వంపు ఫోర్కే మేలు

గతుకుల రోడ్డు మీద ముందు స్ప్రింగులున్న సైకిలు నడిపితే చేతుల నొప్పి తగ్గుతుందా అని అడిగారు. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే కాళ్లనే ఫోర్కు అంటారు; చౌక రకం స్ప్రింగు ఫోర్కయితే నొప్పి తగ్గదని నేను గట్టిగా చెప్పగలను.

మా అక్క కొడుకు కొత్త స్ప్రింగుల సైకిలు మీద, నేను మా నాన్నగారి పాత నల్ల సైకిలు మీద కడప నుంచి పెన్న ఒడ్డున ఉన్న పుష్పగిరికి బయలుదేరాము. పెద్ద రోడ్డు వదిలి కంకర తేలిన దారిలోకి దిగిన కాసేపటికే వాడు ఆగి, "మామా, చేతులు జుమ్మంటాండాయి, సైకిళ్లు మార్చుకుందామా?" అన్నాడు. దిగి వాడి ఫోర్కు చూశాను. నిగనిగలాడే లోపలి గొట్టం మీద దుమ్ము పేరుకుంది. గొట్టం లోపలికి దిగి వచ్చిన మేరకే ఆ దుమ్ము చెరిగి, సన్నని పట్టీ ఒకటి కనిపించింది. అంటే చిన్న రాళ్లకు స్ప్రింగు కదలనే లేదు, పెద్ద గుంటలో పడ్డప్పుడు మాత్రం దిగి, వెంటనే ఎగదన్నింది. ఆ తన్నును అణచే నూనె ఏర్పాటు ఇలాంటి ఫోర్కుల్లో ఉండదు, పైగా మామూలు ఫోర్కు కంటే కిలోకు పైగానే బరువు ఎక్కువ.

నాన్నగారి సైకిలు ఫోర్కు అలా కాదు. అది పైనుంచి కిందికి సన్నబడుతూ వచ్చి, చివర ముందుకు వంగి ఉంటుంది. రేసు సైకిళ్లలో హ్యాండిలు కింద ఫోర్కు దూరే గొట్టం నేలతో సుమారు 73 డిగ్రీల కోణంలో నిక్కి ఉంటే, ఈ పాత సైకిళ్లలో 68 డిగ్రీల దరిదాపుల్లో వాలి ఉంటుంది కాబట్టి, చక్రానికి తగిలిన దెబ్బ నిలువుగా చేతుల్లోకి ఎక్కకుండా కొంతవరకు ఆ సన్నని ఉక్కును వంచడానికి ఖర్చవుతుంది. వాడు ఆ సైకిలు తొక్కుతుంటే ఇరుసు దగ్గర ఫోర్కు సన్నగా అదరడం పక్కనుంచి నాకు స్పష్టంగా కనిపించింది.

అయితే ఫోర్కు కంటే ఎక్కువ పని చేసేది టైరు. మా వైపు పంక్చరు షాపుల్లో మోటారు సైకిళ్లకు వాడే కంప్రెసరుతోనే సైకిలు టైరును రాయిలా బిగించి పంపడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. వెడల్పు టైరు వేయించి, గాలి కొద్దిగా తగ్గించి చూడండి.

అయినా స్ప్రింగులదే కావాలనుకుంటే, షాపులోనే ముందు బ్రేకు పట్టి, హ్యాండిలు మీద బరువంతా మోపి ఒక్కసారిగా వదలండి. ఫోర్కు మెల్లగా లేస్తే కొనండి, చేతులను ఎగదన్నితే మామూలు ఫోర్కున్న సైకిలు అడగండి.